గేటు మీద అంజమ్మ పేరు

మన్సూరాబాద్‌లో అంజమ్మ ఇంటి ముందు డప్పు మోగిన పొద్దున, గల్లీ వాళ్ళంతా అది ఊరేగింపే అనుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. రెండు వేల పదకొండు వానాకాలం అది. డప్పు వినబడితే దాని వెనక జెండాలు, జెండాల వెనక జనం ఉంటారని అప్పటికి పసిపిల్లలకు కూడా తెలుసు. బియ్యం చెరుగుతున్న అంజమ్మ చాటతోనే బయటికొచ్చి "జై తెలంగాణ" అంది. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ గొంతు కలిపారు. డప్పు కొట్టేవాడు తికమకపడి ఇంకో దరువు వేశాడు. వాడి పక్కన సంచీ తగిలించుకున్న మనిషి మాత్రం నినాదం ఇవ్వలేదు. గొంతులు తగ్గేదాకా ఓపిగ్గా నిలబడి, "అంజమ్మ అంటె ఎవరమ్మా?" అని అడిగాడు.

"నేనే. ఏంది?"

"నేను కోర్టు అమీనాను. గీ ఇల్లు వేలానికొచ్చింది. చాటింపు వెయ్యాలె గదా, అందుకే డప్పు" అన్నాడు. చేతిలో కాగితం గడగడా చదివి, గోడకు జిగురు రాసి అంటించి, డప్పువాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు. ఎత్తిన పిడికిళ్ళు దించుకుని గల్లీ వాళ్ళు ఎవరి ఇళ్ళలోకి వాళ్ళు పోయారు. అంజమ్మ చాట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ తర్వాత నాకు ఫోన్ చేసింది. "టీచరమ్మ, నా ఇల్లు అమ్ముతరంట" అని మాత్రం చెప్పగలిగింది.

నేను ఇందిరాదేవిని. మాది తణుకు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో హిందీ చెప్పి రిటైరయ్యాను. నా నోరు మంచిది కాదని మా కాలనీలో పేరుంది. ఈ కథ విన్నాక మీరే చెప్పండి, మంచి నోరు ఉండి ఎవరిని ఉద్ధరించాలో.

అంజమ్మ పోచంపల్లి పక్క ఊళ్ళో మగ్గాల ఇంట పుట్టింది. చేసుకున్నదీ నేతగాణ్ణే. మగ్గం కూడు పెట్టని రోజుల్లో మొగుడూ పెళ్ళాం సిటీకి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లోనే మా ఎదురింట్లో, పట్టాభి గారి కింది వాటాలో కిరాయికి దిగారు. భర్త ఆనందం చీరల దుకాణంలో చీరలు విప్పి చూపించే పనికి కుదిరాడు. వాళ్ళకు పిల్లల్లేరు. ఓ ఎండాకాలం ఆనందానికి దుకాణంలోనే గుండె ఆగింది. పదో రోజు అయ్యీ అవగానే అంజమ్మ ఊరికి పోయి, చీరల మూట భుజాన వేసుకుని వచ్చి, ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. సరూర్‌నగర్ చెరువు గట్టు నుంచి ఎల్బీనగర్ దాకా ఆవిడ ఎక్కని గడప లేదు.

అమ్మకంలో ఆవిడ పద్ధతే వేరు. చీర విప్పగానే ముందు తిరగేసి చూపించేది. "రెండు దిక్కుల ఒక్క తీరుగుంటె నేసింది. ఒక్క దిక్కే రంగుంటె అచ్చు గుద్దింది. ఇగ మీ ఇష్టం" అనేది. బేరమాడితే మూట కట్టేసేది. ఒకసారి నేను ముచ్చటపడి పట్టుకున్న చీరని నా చేతిలోంచి లాక్కుని, "గీ రంగుల నువ్వు పేషెంటు లెక్క కొడతవు టీచరమ్మ, వద్దు" అంది. ఆ మాటకు నేను నవ్వాను గానీ లోపల చివుక్కుమంది. అయినా తర్వాత ఎప్పుడు చీర కొన్నా ఆవిడ దగ్గరే కొన్నాను.

ఆనందం బతికుండగా ఒక రేకు బోర్డు రాయించి పట్టాభి గారి గేటు స్తంభానికి బిగించాడు. "పోచంపల్లి చేనేత చీరలు ఇచ్చట దొరుకును, అంజమ్మ" అని. అది చూసే చాలామంది వచ్చేవారు. కూడబెట్టిన దాంతో మన్సూరాబాద్‌లో చిన్న జాగా కొనుక్కుంది. తర్వాత రెండు గదులు వేసుకుని, ఉద్యమం రాజుకోవడానికి ఆర్నెల్ల ముందు మా వీధి వదిలి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు బోర్డు విప్పుకుంటానంది. పట్టాభి గారు వద్దన్నారు.

"ఉంచండి అంజమ్మ గారూ. తీస్తే స్తంభం పెచ్చులూడిపోద్ది. మీ చీరల కోసం వచ్చినవాళ్ళకి కొత్త అడ్రసు మేం చెప్తాంగా" అన్నారు.

అంజమ్మ సరేనంది. తర్వాత రెండుసార్లు కబురు పెడితే ఇదిగో అదిగో అన్నారు. ఆవిడకు విసుగొచ్చి కొత్తది రాయించుకుంది.

ఇక తమ్ముడి సంగతి. హరిప్రసాద్ అంజమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. వాడు మగ్గం మీద కూర్చుంటే నడుం నొప్పి, దుకాణంలో నిలబడితే కాళ్ళ నొప్పి. ఒళ్ళు నొయ్యని పని కాబట్టి రియల్ ఎస్టేట్‌లో దిగాడు. నాదర్‌గుల్ వైపు ఎవరివో పొలాలు చూపించి, పైన తిరిగే ట్రైనింగ్ విమానాలు చూపించి, "ఇది రేపు ఎయిర్‌పోర్టు ఏరియా సార్" అని ప్లాట్లు అమ్మేవాడు. దానికి పెట్టుబడిగా ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పు తీసుకున్నాడు. జామీను సంతకం అక్క చేత పెట్టించాడు, ఆవిడ జాగా కాగితాల నకలు కూడా ఇప్పించాడు. అప్పుడావిడ ఇంకా మా ఎదురింట్లోనే ఉండేది కనక ఆ అడ్రసే రాశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆ డబ్బు ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. భూముల బేరాలు పడిపోయాయి. వాడు తెల్ల చొక్కా వేసుకుని ఉద్యమంలోకి వచ్చాడు.

ఉద్యమం మీద నాకు కోపం లేదు. ఎన్నో ఏళ్ళు ఇక్కడి పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, వాళ్ళ కడుపులో ఉన్న బాధ నాకు తెలుసు. అంజమ్మ ఏ ఊరేగింపు వచ్చినా గొంతెత్తేది, మనస్ఫూర్తిగా ఎత్తేది. నాకు రోత పుట్టింది వేరే రకం మనుషుల మీద. వాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

జానయ్య అని ఎల్బీనగర్‌లో ఒక వకీలు ఉంటే, అంజమ్మను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కోర్టుకు పోయి ఫైలు చూసి వచ్చి, మాకర్థమయ్యేటట్టు చెప్పాడు.

"అప్పు కట్టలేదని కంపెనీ నిరుడే దావా ఏసిందమ్మా. నీ తమ్మునికి, నీకు సమన్లు పోయినయి. దిల్‌సుఖ్‌నగర్ ఇంటి గేటుకు నీ సమన్లు అంటిచ్చిండ్రు. నువ్వు రాలే. నువ్వు లేకుండనే తీర్పయింది. ఇప్పుడు నీ ఇల్లు వేలమేసి వసూలు చేసుకుంటరు."

"నేను ఆడ లేను గద సారు."

"గదే రుజువు చెయ్యాలె. సమన్లు వచ్చిననాటికి నువ్వు గా ఇంట్ల లేవని తేలితె తీర్పు కొట్టేస్తరు. మళ్ళ మొదటినుంచి నీ మాట వింటరు. తేలకుంటె ఇల్లు పోతది."

"నేనే సాక్ష్యం చెప్తాను. ఎదురింటిదాన్ని" అన్నాను.

జానయ్య తల అడ్డంగా ఊపాడు. "మీరు చెప్పుండ్రి మేడమ్, మంచిదే. కానీ అమీనా రిపోర్టుల ఏమున్నదంటె, గేటు మీద అంజమ్మ పేరుతోని బోర్డు ఉన్నది, తలుపు తీసినాయన ఆమె ఇంట్ల లేదని చెప్పిండు, గందుకే బోర్డు కింద అంటిచ్చిన అని. కింద సాక్షి సంతకం ఇంటి ఓనరుది. పట్టాభి. ఆయన వచ్చి నిజం చెప్తె తప్ప ఇది నిలవదు."

అంజమ్మ నా ముఖంలోకి చూసింది. ఆవిడకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆ బోర్డు కథ నేను మా వరండాలోంచి రోజూ చూస్తున్నదే. రెండు వేల తొమ్మిది డిసెంబరులో బంద్‌లు మొదలైనప్పుడు మెయిన్ రోడ్డు మీద ఒకటి రెండు బోర్డుల మీద రాళ్ళు పడ్డాయి. ఆంధ్ర నుంచి వచ్చిన మా వాళ్ళందరికీ భయం వేసింది. నాకూ వేసింది, కాదనను. కొందరు కార్ల నంబరు పలకల మీద అక్షరాలు మార్చుకున్నారు, కొందరు ఇంటి ముందున్న పేరు పలకలు తీసి లోపల పెట్టుకున్నారు. పట్టాభి గారు అంతకంటే తెలివైనవారు. కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతారు, సొంత లెక్కల్లో ఇంకా ఘనులు. ఒక ఆదివారం పెయింటర్‌ను పిలిపించి, వెలిసిపోయిన అంజమ్మ బోర్డుకు దగ్గరుండి కొత్తరంగు వేయించారు. కింద ఎర్రరంగుతో "జై తెలంగాణ" అని రాయించారు. తన పేరు పలక పీకి లోపల పడేశారు. "ఏమండీ, అంజమ్మ మళ్ళీ వస్తోందా?" అని నేను గేటు దగ్గర అడిగితే, "మీకెందుకండీ, బోర్డు తుప్పు పట్టకూడదని" అన్నారు. భయం ఎవరికైనా ఉంటుంది. భయం వేసిందని పక్కవాళ్ళ పేరు కప్పుకుని పడుకోవడం ఏం బతుకో నాకు తెలియదు.

ఆ బోర్డు నమ్మి కోర్టు కాగితం వచ్చింది. ఆ కాగితం మీద ఆయన సంతకం పెట్టాడు. అంజమ్మ ఫోన్ నంబరు ఆయన దగ్గర ఉంది. ఒక్క ఫోన్ చేస్తే పోయేది. చేస్తే, నీ పేరు ఇంకా నా గేటు మీదే ఉందని చెప్పుకోవాలి కదా. అందుకని గంట ఆగి, గేటు మీది కాగితం చింపి పారేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఇది నాకు తర్వాత ఆయన భార్య చెబితే తెలిసింది.

అంజమ్మను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. గేటు దగ్గర అంజమ్మ ఆగింది. కొత్తరంగులో నిగనిగలాడుతున్న తన పేరు చూసింది. పట్టాభి గారు సోఫాలో కూర్చోబెట్టి, భార్య సూర్యప్రభను కాఫీ తెమ్మన్నారు. నేను కాఫీ వద్దన్నాను. అంజమ్మ సంగతి చెప్పింది. ఆయన విని, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"కోర్టుకి రమ్మంటే వస్తానండి, ఎందుకు రాను. మన అంజమ్మ గారు. కాకపోతే ఒక్కటి. ఆ బోర్డు మీరే ఉంచమన్నారని చెప్పండి. మీ ఇష్టంతోనే ఉందని. లేకపోతే నేను... జనం వేరేగా అనుకుంటారు."

"నేను తీస్తనంటె మీరే గద సారు వద్దన్నది."

"అదే, ఇద్దరం కలిసి అనుకున్నట్టుగా."

మర్నాడు ఈ మాట జానయ్యతో చెబితే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నా ఇష్టంతోనే నా పేరు అక్కడ ఉందని ఆవిడ చెబితే ఇంకేముంది, ఆ అడ్రసు ఆవిడే ఒప్పుకున్నట్టు. ఇల్లు గంటలో పోతుంది. అంటే, పట్టాభి గారి పరువు నిలవడానికి అంజమ్మ ఇల్లు పోవాలి. అంజమ్మ ఆయనకు ఫోన్ చేసి, "సారు, అబద్ధం చెప్పి ఇల్లు పోగొట్టుకొమ్మంటున్నరు, చెప్పలేను" అంది. ఆయన అయితే నన్నొదిలేయండి అన్నాడు. నేను ఆ రోజు నుంచి ఆయన్ని 'గారు' అనడం మానేశాను. ఈ కథలోనూ ఇక అనను.

సరే, అప్పు తిన్నవాడున్నాడు కదా, వాణ్ణి అడుగుదామని ఎల్బీనగర్ చౌరస్తాకు పోయాం. అక్కడ దీక్షా శిబిరం. పెద్ద టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు. హరిప్రసాద్ మైకు పట్టుకుని ఉన్నాడు. "మన భూములు పోయినయి, మన ఇండ్లు పోయినయి, మన అక్కచెల్లెండ్లు రోడ్డున పడ్డరు" అంటున్నాడు. ఆ అక్కల్లో ఒకావిడ టెంటు గుంజ పట్టుకుని నిలబడి వింటోంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. నాకు అక్కడే ఉమ్మేయాలనిపించింది. పక్కన నిజంగా ఉపవాసం ఉన్న ముసలాయన ఒకరు పడుకుని ఉంటే, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

హరిప్రసాద్ మైకు ఇంకొకరికిచ్చి వచ్చాడు. "అక్కా, నువ్వెందుకు పరేషానయితవే. ఫైనాన్సోనితోని నేను మాట్లాడ్త. రాష్ట్రం రాంగనే అన్నీ సక్కగయితయి" అన్నాడు.

"నీకు సమన్లు రాలేదారా హరీ?"

"నాకెక్కడియి అక్కా. వస్తె నీకు చెప్పకుంటనా?"

"నాకు చెప్పకుండ ఎట్ల ఉంటవు" అని అంజమ్మ వాడి జేబులో ముడతపడిన రుమాలు తీసి సరిగ్గా మడిచి పెట్టింది. ఆ రుమాలు మడవడం చూస్తే నాకు వాడి మీద కంటే ఆవిడ మీద ఎక్కువ కోపం వచ్చింది. జానయ్య దగ్గర కూడా అంతే. అక్క కొత్త ఇల్లు తమ్ముడికి తెలిసే ఉంటుంది, అయినా కోర్టుకు చెప్పలేదని పిటిషన్‌లో రాద్దామని ఆయన అంటే ఒప్పుకోలేదు.

"తమ్మునికి కేసు సంగతి తెల్వది సారు, సమన్లు రాలేదన్నడు. ఆని పేరు తియ్యకుండ్రి. నాకు పుట్టిల్లంటె ఆడొక్కడే" అంది.

జానయ్య నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

పిటిషన్ వేశాం. ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, వకీళ్ళు నల్లకోట్లతో రోడ్డు మీద కూర్చున్నారు. జానయ్య కూడా కూర్చున్నాడు. వేలం ఆగినట్టా, ఆగనట్టా అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు. సమ్మె గెలవాలని అంజమ్మ కోరిక. సమ్మె ఆగి తన కేసు తేలాలని కూడా కోరికే. రెంటికీ మొక్కుకునేది. గల్లీలో డప్పు వినబడితే అంతకుముందులా బయటికి వచ్చేది కాదు. తలుపు సందులోంచి చూసి, జెండాలు కనబడ్డాకే గొళ్ళెం తీసేది. ఇది నాకు మహా కష్టంగా తోచింది. ఆవిడ గొంతు కూడా లాక్కున్నారు ఈ వెధవలు.

కోర్టులు మళ్ళీ నడిచాక, పట్టాభికి సాక్షి సమన్లు పంపించాడు జానయ్య. ఆ రోజు నేను మా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. అంజమ్మ ఇంటికొచ్చిన అమీనాయే, అదే సంచీ. గేటు దగ్గర నిలబడి పిలిచాడు. కిటికీ తెర కదిలింది. లోపల్నుంచి పట్టాభి గొంతు, నాకు కూడా వినబడేంతగా, "లేనని చెప్పు. ఊరెళ్ళానని చెప్పు" అంది. సూర్యప్రభ బయటికి వచ్చి ఊరికే నిలబడింది. అమీనా కాసేపు చూసి, సంచీలోంచి జిగురు డబ్బా తీశాడు. బోర్డు కింద, నిరుడు అంటించిన చోటే, వేలితో దుమ్ము తుడిచాడు.

"అంటించకండి" అంది సూర్యప్రభ. "ఆయన లోపలే ఉన్నారు. ఆయన రారు. నేనొస్తాను, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి."

ఆవిడ గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. నోట్లో నాలుక లేని మనిషని కాలనీ అంతా అనుకునేవాళ్ళం. సాయంత్రం మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ఆ బోర్డు చూసి చీరల కోసం ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారండి వదినగారూ. అంజమ్మ గారు ఇక్కడ ఉండటం లేదని చెప్పొద్దన్నారు ఈయన. ఊరెళ్ళారండీ, రేపు రండి, ఎల్లుండి రండి అని పంపించేస్తున్నాను. రోజూ అబద్ధం చెప్పీ చెప్పీ నా నోరు నాకే కంపు కొడుతోంది. ఆవిడ బేరాలన్నీ మా గుమ్మంలోనే పోయాయి."

జానయ్యను అడిగితే, అంజమ్మ సమన్లు అంటించిన రోజు ఆవిడ కూడా ఇంట్లోనే ఉంది కాబట్టి ఆవిడ సాక్ష్యం సరిపోతుందన్నాడు.

విచారణ రోజున కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. అంజమ్మ ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుని ముందు నిలబడింది. హరిప్రసాద్ మెడలో కండువాతో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. అక్కకు ధైర్యం చెప్పడానికి వచ్చానన్నాడు. సూర్యప్రభ బోనెక్కి ప్రమాణం చేసింది. అంజమ్మ గారు సమన్లకు ముందు ఏడే ఖాళీ చేసి వెళ్ళిపోయారని, బోర్డు తామే ఉంచామని, దానికి రంగు తామే వేయించామని చెప్పింది.

"ఎందుకు?" అని జడ్జి అడిగారు.

"ఆవిడ పేరుంటే మా ఇంటి జోలికి ఎవరూ రారని అండి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా వాళ్ళ తరఫున తల వంచుకున్నాను.

కంపెనీ వకీలు లేచాడు. "అయితే ఆ రోజు అమీనాకు మీ ఇల్లు ఎలా దొరికిందమ్మా? ఎవరు చూపించారు?"

సూర్యప్రభ ముందు అంజమ్మను చూసింది, తర్వాత వెనక బెంచీ వైపు చూసింది. "ఆవిడ తమ్ముడు గారే... అంటే, అంజమ్మ గారి తమ్ముడు. బండి మీద తీసుకొచ్చారు. ఇదే మా అక్క ఇల్లు, బోర్డు చూడండి అన్నారు. మా ఆయన్ని సంతకం పెట్టమన్నారు. పెట్టకపోతే బావుండదన్నారు. ఆ తమ్ముడి పేరు కోర్టులో చెబితే మా కిటికీ అద్దాలు మిగలవని మావారు రాలేదండి."

నేను అంజమ్మ వెనకే ఉన్నాను కాబట్టి ముఖం కనబడలేదు. మెడ మీద చెమట మాత్రం కనబడింది. నాకు సంగతంతా ఒక్కసారిగా బోధపడింది. వాడికి సమన్లు అందాయి. మన్సూరాబాద్ అడ్రసు చెబితే అక్కకు తెలుస్తుంది, తెలిస్తే పంచాయతీ పెడుతుంది, పెద్దమనుషుల్లో పరువు పోతుంది. అందుకని అమీనాను బండెక్కించుకుని పోయి, అక్క లేని ఇల్లు చూపించాడు. పట్టాభి పిరికివాడు. వీడు పిరికివాడు కూడా కాదు.

కంపెనీ వకీలు ఆ మాటనే పట్టుకున్నాడు. "చూశారా సార్. సొంత తమ్ముడే అది అక్క ఇల్లు అని చూపించాడంటే, ఆవిడ అక్కడే ఉన్నట్టు. ఈవిడ స్నేహం కొద్దీ అబద్ధం చెబుతోంది. తోడబుట్టినవాడికి తెలియదా అక్క ఎక్కడుంటుందో?"

జడ్జి కలం పక్కన పెట్టి అంజమ్మను దగ్గరికి పిలిచారు. "మీరు ఇల్లు మారిన సంగతి మీ తమ్ముడికి తెలుసా?"

తెలియదంటే వాడు బతికిపోతాడు, ఇల్లు పోతుంది. తెలుసంటే ఇల్లు నిలబడుతుంది, వాడి మీద తప్పుడు అడ్రసు చూపించిన కేసు పడుతుంది, పుట్టింటి గడప మూసుకుపోతుంది. వెనక బెంచీ మీద హరిప్రసాద్ సగం లేచి, రెండు చేతులూ గుండెల దగ్గర జోడించాడు. మైకు ముందు అంత గొంతున్నవాడు పెదాలు మాత్రమే కదిలించాడు. అంజమ్మ వెనక్కి తిరిగి వాడిని చూసింది. ఆవిడ చేయి నా వైపు వచ్చింది, నేను పట్టుకున్నాను. తర్వాత చేయి విడిపించుకుని జడ్జి వైపు తిరిగింది.

"తెలుసు సారు" అంది.

"ఎలా చెప్పగలరు?"

"నేను గా ఇంట్ల దిగిననాడు పసుపు గలిపిన బియ్యం తెచ్చి, నా ఇంట్ల నన్ను పీట మీద కూసోబెట్టి, నాకు ఒడిబియ్యం పోసింది ఆయనె. పుట్టింటోళ్ళే పొయ్యాలె సారు. మొగడు లేనిదానికి పొయ్యరన్నరు, ఆయన ఇనలే. మా అమ్మ లేదు, నాయిన లేడు. ఐదు దోసిళ్ళు ఆయనె పోసిండు. చీర పెట్టిండు. మా గల్లోళ్ళంత చూసిండ్రు."

కంపెనీ వకీలు కూర్చున్నాడు. జడ్జి రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ పాత తీర్పు ఆ నెలలోనే కొట్టేశారు, వేలం ఆగిపోయింది, కేసు మళ్ళీ మొదటినుంచి నడిచింది. కానీ ఆ క్షణాన మాలో ఎవరికీ ఇల్లు గుర్తు లేదు. వెనక బెంచీ కిర్రుమంది. ఎవరో లేచి బయటికి పోతున్న చెప్పుల చప్పుడైంది. అంజమ్మ అటు తిరగలేదు.

"ఇంకేమన్న అడుగుతరా సారు?" అంది.